బుడమేరు పక్కన ఇల్లు: వరద బీమా తీసుకోవడం దగ్గర్నుంచి క్లెయిమ్ చేతికొచ్చేదాకా

మా హాల్లో బీరువా వెనక గోడ మీద, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మట్టిరంగు గీత ఒకటి ఉంది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చిన బుడమేరు వాగు గీసి వెళ్లిన గీత అది. తర్వాత రంగులు వేయడానికొచ్చిన పెయింటర్ దాన్నీ కప్పేస్తానంటే, జానెడు మేర వదిలెయ్యమన్నాను. ఇంటికి ఎంత బీమా చేయించాలని ఎవరైనా అడిగితే ముందు ఆ గీత చూపిస్తాను.

ఆ వరదకి నా ఇంటికి బీమా లేదు. ఉందనుకున్నాను, అదీ బాధ. పక్కింటాయనకి ఉంది. ఆయన కాగితాల పనంతా దగ్గరుండి చూసింది నేనే. రెండిళ్ల అనుభవమూ కలిపి చూసుకుంటే నాకు అర్థమైనది ఒకటే: క్లెయిమ్ వస్తుందా రాదా అన్నది చాలావరకు ఎండాకాలంలోనే తేలిపోతుంది. నీళ్లొచ్చాక చేయగలిగింది తక్కువ. అందుకే ఇక్కడ చెప్పే పనుల్లో సగానికి పైగా నేల పొడిగా ఉన్నప్పుడు చేసుకోవాల్సినవే.

1. ముందు బీరువాలో ఉన్న కాగితాలు తియ్యండి

ఇంటి లోన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది: "బ్యాంకువాళ్లు అప్పుడే ఇన్సూరెన్స్ కట్ చేసుకున్నారుగా." నేనూ అంతే. లోన్ ఇచ్చిన రోజున ఇన్సూరెన్స్ పేరుతో పెద్ద మొత్తమే పట్టుకున్నారు. వరద తీశాక తడిసిన ఫైలు విప్పి చూస్తే, అది నా ప్రాణానికి చేసిన బీమా. నేను పోతే మిగిలిన అప్పు తీరుతుంది. ఇల్లు మునిగితే పైసా రాదు. దాన్ని నాకు అంటగట్టినవాళ్ల మీద కోపం వచ్చింది గానీ, సంతకం పెట్టేముందు ఒక పేజీ కూడా చదవని నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

కాబట్టి మీ దగ్గరున్న పాలసీలో మూడు సంగతులు వెతకండి. బీమా దేనికి: మనిషికా, ఇంటికా? ఇంటికే అయితే ఎంతకి? కొన్నిసార్లు మిగిలిన అప్పు మేరకే ఉంటుంది. ఇంట్లో సామానుకి ఉందా, గోడలకేనా? పాలసీలో బ్యాంకు పేరు కూడా రాసి ఉంటే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. రిపేర్ల కోసం ఆ డబ్బు మీకు వదలమని బ్యాంకుని లెటర్ అడగాల్సి వస్తుంది. ఈ పద్ధతి ఎలా ఉంటుందో మీ బ్రాంచిలో ఇప్పుడే కనుక్కోండి. వరద వచ్చిన వారంలో బ్రాంచి తలుపు తీసి ఉంటుందన్న నమ్మకం లేదు.

ప్రభుత్వ సాయం ఉంటుందిగా అంటారా? ఉంటుంది, 2024లో వచ్చింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకి 10,000 రూపాయలు ఇచ్చారు. ఆ వారంలో అది అమృతంలాంటిదే. కానీ ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మంచాలు, ప్లైవుడ్ కప్‌బోర్డులు, తలుపులు, సంప్ మోటారు అన్నీ ఒకేసారి పోయిన ఇంటికి 25,000 ఏ మూలకి?

2. మీ ఇంటికొచ్చే నీళ్లు ఏ నీళ్లు?

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే వాగు బుడమేరు. విజయవాడకి దుఃఖదాయని అని దానికి పాత పేరే. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదనీటిని డైవర్షన్ కాలువ గుండా కృష్ణలోకి మళ్లిస్తారు. 2024లో ఆ కాలువకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సరిగ్గా అదే సమయంలో కృష్ణ కూడా ఉరకలేస్తోంది, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. మా వీధిలో చాలామంది కృష్ణకే భయపడ్డారు గానీ, ఇల్లు ముంచింది మాత్రం బుడమేరు.

ఈ కథ ఎందుకంటే, మీ ఊరి నీళ్లకీ ఒక నడక ఉంటుంది. భద్రాచలంలో గోదావరి 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు వస్తాయి. 2022 జూలైలో 71 అడుగులు దాటింది, 1986లో 75.6 దాకా వెళ్లింది. అక్కడ సామాను పైకి చేర్చుకోవడానికి కొంత సమయం దొరుకుతుంది. హైదరాబాద్‌లో 2020 అక్టోబరులోలా చెరువు కట్ట తెగినా, నాలా పొంగినా ఆ సమయం దొరకదు. కోనసీమ లంక గ్రామాల్లో ఏటా వస్తుందని తెలుసు, ఎంత ఎత్తుకొస్తుందన్నదే ప్రశ్న.

మీ వీధిలో పెద్దవాళ్లని అడిగి, ఎప్పుడెప్పుడు ఎంత ఎత్తు వచ్చిందో రాసుకోండి. ఆ గీత కింద ఉండే వస్తువులెన్నో, పైన ఉండేవెన్నో లెక్కేస్తే సామానుకి ఎంత బీమా కావాలో సగం తెలిసిపోతుంది. ఫ్లాట్ మూడో అంతస్తులో ఉన్నా నాకేం కాదనుకోకండి. లిఫ్టు గుంట, సెల్లార్‌లోని మోటార్లు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ అందరివీ. వాటి బాగుకి చందా వేసేటప్పుడు మూడో అంతస్తుకి మినహాయింపు ఉండదు. అసోసియేషన్ పేరుతో ఉమ్మడి ఆస్తికి బీమా ఉందా అని వచ్చే మీటింగులో అడగండి. లేదనే అంటారు.

3. ఏ పాలసీ

మన దేశంలో వరదకని విడిగా బీమా కొననక్కర్లేదు, ఇంటి బీమాలోనే వరద ఉంటుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ గృహ రక్ష" అనే ఒకే మూసలో ఉన్న పాలసీని, అగ్నిప్రమాద బీమా అమ్మే ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వాల్సిందేనని బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. అగ్ని, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, ముంపు, కొండచరియలు, వాటర్ ట్యాంకు పగిలి పొంగడం అన్నీ ఇందులో ఉన్నాయి. వరదలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు ఇంట్లో దొంగతనం జరిగితే అదీ కవర్ అవుతుంది. పడవల్లో బయటికొచ్చి ఇల్లు వదిలేసిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ చివరి మాట విలువ తెలుస్తుంది.

అమెరికాలో ఉండే మన పిల్లలు ఫోన్ చేసి "వరదకి వేరే పాలసీ తీసుకోవాలి, ముప్పై రోజులు ఆగాలి" అని చెబితే కంగారుపడకండి. వాళ్లు చెప్పేది అక్కడి సంగతి. మామూలు ఇంటి పాలసీలో అక్కడ వరద ఉండదు, ప్రభుత్వ పథకం కింద విడిగా కొనాలి, దానికి 30 రోజుల వెయిటింగ్ ఉంటుంది. హ్యూస్టన్‌లో ఇల్లు కొన్నవాళ్లకి ఆ సలహా నూటికి నూరుపాళ్లు అవసరం, సింగ్ నగర్‌లో కాదు. అలాగని మనమూ వాయుగుండం వార్త విన్నాక పరుగెత్తితే కుదరదు. నీళ్లు గుమ్మం ఎక్కుతుంటే పాలసీ ఇవ్వడానికి కంపెనీవాళ్లేమీ అమాయకులు కారు.

భారత్ గృహ రక్ష కాకుండా వేరే పేర్లతోనూ ఇంటి పాలసీలు అమ్ముతారు. అవి తీసుకుంటే "ఫ్లడ్ అండ్ ఇనండేషన్" అనే రెండు మాటలూ కవర్ అయ్యే ప్రమాదాల జాబితాలో ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. ఫ్లడ్ అంటే ఏరు పొంగడం, ఇనండేషన్ అంటే నీళ్లు ముంచెత్తడం. ఏరు పొంగినా, కాలువకి గండి పడినా, మురుగుకాలువ ఎదురుతన్నినా ఇల్లు మునిగిందంటే ఈ రెంటిలో ఒకదాని కిందికి రావాలి. స్లాబు కురిసి గోడ చెమ్మ పట్టడం మాత్రం వరద కాదు, అది పాతబడిన ఇంటి జబ్బు. దానికి బీమా ఇవ్వదు.

ఖర్చంటారా, 20 లక్షల ఇంటికి ఏడాది ప్రీమియం సాధారణంగా వందల్లోనో, ఒకటి రెండు వేలలోనో ఉంటుంది, దానిపైన 18 శాతం జీఎస్టీ. రెండు మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించుకోండి. మూస ఒకటే కాబట్టి పోల్చడం తేలిక: రేటు, క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన భాగం ఏదైనా ఉందా, మీ ఊళ్లో ఆఫీసు ఉందా, ఈ మూడూ చూస్తే చాలు. నేనైతే మూడోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను. వరద రోజుల్లో కాల్ సెంటర్ పాట వింటూ కూర్చోవడం కన్నా, వెళ్లి నిలదీయడానికి ఒక కౌంటర్ ఉండటం మేలు.

4. ఇంటికి ఎంత రాయించాలి

ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. "మా ఇల్లు ఇప్పుడమ్మితే కోటి" అని కోటి రాయించబోతారు. ఆ కోటిలో ముప్పావు వంతు స్థలం విలువ. స్థలం నీళ్లలో కొట్టుకుపోదు. బీమా చేయాల్సింది మళ్లీ అదే ఇల్లు కట్టడానికయ్యే ఖర్చుకి. లెక్క సులువే: కార్పెట్ ఏరియా ఎన్ని చదరపు అడుగులు, ఈరోజు మీ ఊళ్లో అడుగుకి కట్టుబడి ఎంత, రెండూ గుణించండి. 1,000 చదరపు అడుగులకి 2,000 చొప్పున వేస్తే 20 లక్షలు. కట్టుబడి రేటు ఏజెంట్ని కాకుండా ఇద్దరు మేస్త్రీల్ని అడగండి. ఫారంలో చదరపు మీటర్లు అడిగితే, ఒక చదరపు మీటరుకి 10.76 చదరపు అడుగులు.

ఇల్లంటే నాలుగు గోడలే అనుకోకండి. ప్రహరీ, గేటు, వరండా, కారు షెడ్డు, సంప్, సెప్టిక్ ట్యాంకు, పైన సోలార్ పలకలు, గోడల్లోని వైరింగ్ అన్నీ ఇంటి కిందే లెక్క. వరదకి ముందు పడేది ప్రహరీయే. పక్కింటాయన ప్రపోజల్ ఫారంలో ప్రహరీ సంగతి కూడా రాసి ఉండటం తర్వాత ఎంతో పనికొచ్చింది.

తక్కువ రాయిస్తే ఏమవుతుంది? పాత పాలసీల్లో దీనికి శిక్ష ఉండేది. 20 లక్షల ఇంటికి 10 లక్షలే రాయిస్తే, 4 లక్షల నష్టానికి కూడా సగమే, అంటే 2 లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు, మీరు రాయించిన మొత్తం దాటనంతవరకు పూర్తి నష్టం ఇస్తారు. ఇది విని "అయితే తక్కువే రాయిద్దాం" అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇంటికి రాయించిన మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామానుకి దానంతటదే వస్తుంది. ఇంటిని 20 లక్షలకి రాయిస్తే సామానుకి 4 లక్షలు, 10కి రాయిస్తే 2 లక్షలే. మన వైపు వరదల్లో ఆర్‌సీసీ ఇల్లు కూలడం అరుదు, పోయేది సామానే. ఇంటి అంకె తగ్గిస్తే తెలియకుండానే మీ ఫ్రిజ్‌కీ మంచానికీ కోత పెట్టుకున్నట్టు.

పాలసీ 10 ఏళ్ల దాకా ఒకేసారి తీసుకోవచ్చు. ఏడాదికి మించిన పాలసీల్లో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది, మొదట రాయించినదానికి రెట్టింపు అయ్యేదాకా. సిమెంటు, ఇసుక రేట్లు చూస్తున్నవాళ్లకి ఇది మంచి బేరం. నేను మూడేళ్లకి తీసుకున్నాను.

5. సామాను, బంగారం, బండి

పైన చెప్పిన 20 శాతం మీకు చాలదనుకుంటే వస్తువుల వివరాలిచ్చి ఎక్కువకి రాయించుకోవచ్చు. అద్దెకుండేవాళ్లు ఇంటి సంగతి వదిలేసి సామానుకి మాత్రమే తీసుకోవచ్చు. మా వీధిలో అద్దెవాళ్లే ఎక్కువ నష్టపోయారు, ఒక్కరికీ ఇలా తీసుకోవచ్చని తెలియదు.

నగలు మామూలు సామాను కిందికి రావు. వాటికి విడిగా కవర్ అడిగి, విలువ ముందే ఒప్పించుకోవాలి. మొత్తం 5 లక్షల్లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు. నగదు, బాండ్లు, దస్తావేజులు, చెక్కులు దేనికీ బీమా వర్తించదు. బీరువా అడుగున పరిచిన న్యూస్ పేపరు కింద డబ్బు దాచే అలవాటుంటే మానుకోండి.

బండ్లూ ఇందులో లేవు. వాటికి మోటారు పాలసీలో సొంత నష్టం కవర్ ఉండాలి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే నీళ్లలో మునిగిన బండికి ఏమీ రాదు. మునిగిన కారుని "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అన్నవాళ్ల ఇంజన్లు అక్కడికక్కడే పోయాయి. అలా పోయిన ఇంజన్‌కి ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. తాళం చెవి ముట్టుకోకుండా టోయింగ్‌కి ఫోన్ చేయడమే మార్గం.

ముందుగదిలో కిరాణా కొట్టో, టైలరింగ్ షాపో, జిరాక్స్ సెంటరో నడుపుతుంటే అది ఇల్లు కాదు, వ్యాపారం. దానికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని వేరే పాలసీ ఉంది, 5 కోట్ల విలువ దాకా. రెండూ వేర్వేరుగా తీసుకోండి. సరుకుకి ఇంటి పాలసీ మీద క్లెయిమ్ వేస్తే మొత్తం క్లెయిమ్ మీదే అనుమానం పడుతుంది.

6. ఫారంలో నిజం రాయండి

ప్రపోజల్ ఫారం ఏజెంటు నింపుతానంటాడు, మీరు సంతకం పెడితే చాలంటాడు. నింపనివ్వండి, కానీ సంతకానికి ముందు ప్రతి గడీ చదవండి. కట్టడం ఏ రకం, ఆర్‌సీసీయా, రేకులా, పెంకులా? ఎన్నేళ్లయింది? సెల్లార్ ఉందా? అద్దెకిచ్చారా? గతంలో నీళ్లొచ్చాయా? 2024లో ఇల్లు మునిగిందని రాస్తే ప్రీమియం పెంచుతారని దాచిపెట్టమనే ఏజెంట్లున్నారు. అతని మాట వింటే రేపు క్లెయిమ్ కొట్టేయడానికి ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది. పెరిగినా నాలుగైదు వందలు పెరుగుతుందేమో. పోయేది లక్షలు.

ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఊరు పోయేవాళ్లూ, మేడ మీద కొత్తగా గది వేసేవాళ్లూ ఆ సంగతి కంపెనీకి మెయిల్‌లో రాయండి. ఫోన్‌లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

7. ఎండాకాలం వీడియో

ఇరవై నిమిషాల పని. ఫోన్ తీసి, వీధి గుమ్మం నుంచి మొదలుపెట్టి ప్రతి గదీ వీడియో తీయండి. టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మిషన్ వెనక అంటించిన మోడల్, సీరియల్ నంబర్ల స్టిక్కర్లకి దగ్గరగా వెళ్లండి. కప్‌బోర్డులు తెరిచి చూపించండి. మాటల్లో కూడా చెప్పండి: ఇది ఎప్పుడు కొన్నాం, ఎంతకి. ఆ వీడియో ఫోన్‌లోనే ఉంచితే ఫోన్‌తో పాటే మునుగుతుంది. క్లౌడ్‌లో దాచి, వేరే ఊళ్లో ఉన్న చుట్టాలకి ఒక కాపీ పంపండి.

బిల్లుల సంగతి కొంచెం చిక్కు. పదేళ్ల కిందటి మంచానికి బిల్లు ఎవరి దగ్గరుంటుంది? పక్కింటాయన క్లెయిమ్‌లో మాకు పనికొచ్చింది ఆయన కూతురి ఎంగేజ్‌మెంట్ ఆల్బమ్. పెళ్లివాళ్లందరూ ఆ సోఫాలోనే కూర్చున్నారు మరి. యూపీఐ, కార్డు స్టేట్‌మెంట్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల మెయిళ్లు, ఈఎంఐ కాగితాలు కూడా బిల్లుల్లాగే పనికొస్తాయి.

పాలసీ, ఇంటి పన్ను రసీదు, దస్తావేజు, ప్లాన్, ఆధార్, పాన్ స్కాన్ చేసి వీడియో పక్కనే పెట్టండి. పాలసీ నంబరూ, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరూ ఫోన్‌లో దాచుకుని, ఇంకోచోట కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. కరెంటు లేని మూడో రోజుకి ఫోన్లు ఉండవు.

8. నీళ్లొస్తున్నాయని తెలిస్తే

ముందు మనుషులు, తర్వాత మెయిన్ స్విచ్, ఆ తర్వాతే సామాను. ఇక్కడ బీమా కోణంలో చెప్పాల్సింది ఒక్కటే: నష్టం తగ్గించడానికి మీ వంతు ప్రయత్నం చేశారని కనబడాలి. మంచాల మీదికి ఎత్తిన వస్తువుల ఫోటో, వీధిలో పెరుగుతున్న నీళ్ల వీడియో, రెండూ తారీఖు, సమయంతో ఉంటే చాలు.

9. నీళ్లు తీశాక మొదటి రెండు రోజులు

ఇక్కడ తొందరపడి చాలామంది క్లెయిమ్ పాడుచేసుకున్నారు. బురద వాసన భరించలేక, మున్సిపాలిటీ బండి వచ్చిందని పరుపులు, కప్‌బోర్డులు అన్నీ వీధిలో పడేశారు. తప్పు వాళ్లది కాదు, కుళ్లిన పరుపుతో ఇంట్లో ఎవరుండగలరు? కానీ పడేసే ముందు చేయాల్సిన పని ఉంది.

గుమ్మంలో అడుగు పెట్టగానే, చీపురు పట్టకముందు, మొత్తం ఇల్లు వీడియో తీయండి. గోడ మీద నీటి గీత పక్కన కొలత టేపు పట్టుకుని ఫోటో తీయండి, ప్రతి గదిలోనూ. వీధి కూడా కనబడేలా ఒకటి, పక్కిళ్ల గీతలు కూడా వచ్చేలా. మీ ఇంట్లోకి వచ్చినవి వరద నీళ్లేనని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. ఆ తర్వాత పాలసీ నంబరుతో కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. మెయిల్ కూడా పంపండి. శుభ్రం చేయక తప్పదని, అందుకే ఫోటోలు తీసి శుభ్రం చేస్తున్నామని ఆ మెయిల్‌లోనే రాయండి. నష్టం లెక్కకట్టే సర్వేయర్ ఎప్పుడొస్తాడో అడగండి.

కుళ్లేవి పడేయండి, కానీ ఒక్కోదాన్నీ విడిగా ఫోటో తీసి, లిస్టులో రాసుకున్నాకే. పరుపు, కార్పెట్ నుంచి చారెడు ముక్క కోసి కవర్లో ఉంచండి. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, మోటారు, ఇన్వర్టర్ మాత్రం సర్వేయర్ చూసేదాకా తుక్కువాడికి వేయకండి. వాటిని ఆన్ చేయకండి కూడా. తడి మోటారుకి కరెంటిచ్చి కాల్చేస్తే, అది వరద వల్ల పోయిందా మీ వల్ల పోయిందా అన్న వాదన మొదలవుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి లెటర్‌హెడ్ మీద "నీళ్లు చేరి పాడైంది, రిపేరుకి ఇంత" లేదా "రిపేరు కాదు" అని రాయించుకోండి.

క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోపు ఇవ్వాలి. నష్టం గమనించిన రోజు నుంచి లెక్క. వీఆర్వో, సచివాలయం వాళ్లు నష్టం రాసుకోవడానికొస్తే ఆ స్లిప్పు కాపీ తీసుకోండి. మీ వార్డు మునిగిందని తహసీల్దారు ఆఫీసు ఇచ్చే కాగితమూ, ఆ రోజుల దినపత్రికల కటింగులూ జతచేయండి.

10. సర్వేయర్ వచ్చిన రోజు

సర్వేయర్ ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో పనిచేసే మనిషి. శత్రువూ కాడు, చుట్టమూ కాడు. 2024 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్ని కేటాయించాలి, 15 రోజుల్లో ఆయన రిపోర్టు ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. పెద్ద వరదలో ఒక్క సర్వేయర్‌కి రోజుకి ఎన్నో ఇళ్లుంటాయి. ఆయన మీ ఇంట్లో ఉండేది అరగంటే. ఆ అరగంటకి మీరు సిద్ధంగా ఉండాలి.

రెండు లిస్టులు తయారు చేయండి. ఒకటి ఇంటికి: పడిన ప్రహరీ ఎన్ని అడుగులు, ఉబ్బిన తలుపులెన్ని, వైరింగ్, రంగులు, సంప్ శుభ్రం, సెప్టిక్ ట్యాంకు. దీనికి మేస్త్రీ దగ్గరో ఇంజనీరు దగ్గరో రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. రెండోది సామానుకి: వస్తువు, కొన్న సంవత్సరం, అప్పటి ధర, ఇప్పుడు అలాంటిదే కొత్తది కొంటే ఎంత, సాక్ష్యం ఏమిటి. సామానుకి ఇప్పటి ధర ప్రకారం లెక్కించే పాలసీ కాబట్టి నాలుగో గడి మర్చిపోకండి. ఆయన "పాతదిగా" అని సగం కొట్టేయబోతే పాలసీలో ఆ వాక్యం తీసి మర్యాదగా చూపించండి.

ఇంకా చాలామంది అడగకుండా వదిలేసేవి కొన్ని ఉన్నాయి. బురద, శిథిలాలు ఎత్తించిన ఖర్చు క్లెయిమ్‌లో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజులు 5 శాతం దాకా ఇస్తారు. ఇల్లు ఉండటానికి పనికిరాక మీరు వేరేచోట అద్దెకుంటే ఆ అద్దె కూడా అడగొచ్చు, అయితే ఇల్లు నివాసానికి పనికిరాదని ఆర్కిటెక్టో స్థానిక అధికారో ఇచ్చిన కాగితం కావాలి. ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు ఆ కాగితం గుర్తుకురాదు. పక్కింటాయనకీ నాకూ గుర్తురాలేదు, ఆయన కుటుంబం బంధువుల ఊళ్లో అద్దెకున్న నెలన్నర డబ్బు అలాగే పోయింది.

పనికొచ్చే తుక్కు మీరే ఉంచుకుంటే దాని విలువ తీసేస్తారు. అది న్యాయమే.

11. తక్కువిచ్చారు, లేదా కొట్టేశారు

కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని అదే 2024 నిబంధనల్లో ఉంది. కాబట్టి "డాక్యుమెంట్లు లేవు, క్లోజ్ చేశాం" అని మెసేజ్ వస్తే ఊరుకోకండి. ముందు సర్వే రిపోర్టు కాపీ అడగండి. ఏ వస్తువుకి ఎంత వేశారో, ఏది ఎందుకు తీసేశారో అందులో ఉంటుంది. పేచీ ఆ గడి మీద పెట్టండి. "నాకు అన్యాయం జరిగింది" అన్న లేఖ కన్నా "7వ వరసలో తలుపు ధర ఇంత వేశారు, నా ఎస్టిమేట్ ఇదిగో" అన్న లేఖకి జవాబు తొందరగా వస్తుంది.

కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసి 30 రోజులు చూడండి. ఈలోపు ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి గానీ 1800 4254 732కి గానీ ఫోన్ చేయొచ్చు. అప్పటికీ తేలకపోతే, బీమా పేచీలు తీర్చడానికి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలూ, యానామూ ఆయన పరిధిలోకే వస్తాయి. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆయన తీర్పు కంపెనీకి శిరోధార్యం, మీకు నచ్చకపోతే మాత్రం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు ఇవ్వడంలో ఆలస్యం చేస్తే బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ అడిగే హక్కు మీకుంది. అడిగితేనే ఇస్తారు.

12. డబ్బు వచ్చాక

రిపేర్లలో ప్లగ్గు పాయింట్లు, స్విచ్‌బోర్డులు గీత పైకి ఎక్కించండి. సంప్ మోటారుని దిమ్మె మీద పెట్టించండి. వంటింటి కింది అరలకి ప్లైవుడ్ బదులు రాతి పలకలో, అల్యూమినియమో వేయిస్తే ఈసారి నీళ్లొచ్చినా కడిగి వాడుకోవచ్చు. ఈ మార్పులు కంపెనీకి రాసి, మేస్త్రీ బిల్లులు కొత్త ఫైల్లో పెట్టండి. కొత్తగా కొన్న వస్తువులన్నిటి సీరియల్ నంబర్లతో మళ్లీ వీడియో తీయండి, పాతది తీసేయకండి.

రెన్యూవల్ తారీఖు వానాకాలం మధ్యలో పడకుండా చూసుకోండి. ఆగస్టులో ఊరంతా నీళ్లున్నప్పుడు పాలసీ గడువు దాటిపోతే ఆ రోజుల్లో మీకు రక్షణ లేనట్టే. నాది మే 20కి పెట్టుకున్నాను. ఆ వారంలోనే సంప్ కడిగించడం, మేడ మీద కాలువలు తీయించడం, వీడియో తీయడం కూడా పెట్టుకుంటాను. పోయిన ఏడాది వీడియో తీస్తుంటే మా మనవడు బీరువా వెనక గీత చూసి "తాతయ్యా, ఇది నా ఎత్తా?" అని అడిగాడు. కొలిస్తే గీతే ఇంకా అరడుగు ఎత్తుంది.